మెత్తని గుండు, నల్ల ఇర్రి

గైరికపురం కోటను జేగురు రాతితో కట్టారు. తొలి కిరణం తూర్పు బురుజును తాకగానే ఆ రాయి ముందు కుంకుమ రంగు తేలేది, తర్వాత మోదుగుపూల వన్నెకు తిరిగేది, పొద్దెక్కేసరికి కొలిమిలో కాగిన ఇనుములా కణకణలాడేది. అగడ్త నిండా ఎర్రకలువలు, కోటకొమ్ముల మీద పావురాల గుంపులు, రాజవీధికి రెండు పక్కలా పొగడచెట్లు. కొత్తగా వచ్చినవాడు చూస్తే ఈ పట్నానికి చీకూ చింతా లేవనుకునేవాడు. కానీ కిందటి కార్తికం దాకా ఆ బురుజుల మీద నెమలి జెండా ఎగిరేది. ఇప్పుడు అడవిపంది జెండా ఎగురుతోంది. వీధుల్లో జనం గొంతెత్తి మాట్లాడుకోవడం మానేశారు.

ఆ ఉదయం కోట ముందరి మైదానంలో నగారా మోగింది. గురిపోటీలో గెలిచినవాడిని దండనాయకుడు ఉగ్రబాహులవారు తమ వెంట చామరవనానికి వేటకు తీసుకుపోతారనీ, అక్కడ తిరిగే తెల్ల లేడిని కొట్టినవాడికి సేనలో పెద్ద పదవి దొరుకుతుందనీ దండోరా వేశారు.

గుంపులో ఒక పక్కగా కంబళి కప్పుకొని, తలకు ముతక పాగా చుట్టి, పొడుగాటి తుపాకి భుజాన వేసుకొని నిలబడ్డాడు ఒక కొండవేటగాడు. అడిగినవారికి తన పేరు కొమరన్న అని చెప్పాడు. నిజానికి అతడు పుట్టింది ఆ కోటలోనే. కాలం చేసిన సింహకేతు మహారాజు ఒక్కగానొక్క కొడుకు రిపుంజయుడు అతడే. అడవిలో ఒక తపసి ఇచ్చిన ఆకుపసరు పూసుకుంటే పచ్చని మేను నల్లబడింది. పెంచిన గడ్డం మిగిలిన పని చేసింది.

రిపుంజయుడు సరిహద్దు యుద్ధంలో ఉండగా ఉగ్రబాహుడు కోటను పట్టుకున్నాడు. భల్లాతకుడనే మాంత్రికుడు అతనికి తోడు నిలిచాడు. రాజముద్రిక ఇవ్వనన్న మహారాణి మేఖలాదేవి మీద మాంత్రికుడు నీళ్లు చల్లి, ఆమెను తెల్ల లేడిగా మార్చి అడవికి తరిమేశాడు. అయినా ఉగ్రబాహుడి కోరిక తీరలేదు. రాణి ప్రాణంతో ఉన్నంతకాలం సింహాసనం మెట్టు మీద కాలు మోపితే చాలు, అతని అరికాలు బొబ్బలెక్కుతోంది. మంత్రం వేసినవాడి చేతిలో గానీ వేయించినవాడి చేతిలో గానీ ఆమె చావదు. కోట సిపాయిల చెవిన అసలు సంగతి గుసగుసగా పడింది కాబట్టి, వాళ్లలో ఒక్కడూ తెల్ల లేడి మీదికి తుపాకి ఎత్తడు. ఏమీ ఎరగని పరాయి గురికాడు కావాలి. ఈ పోటీ అందుకే.

భల్లాతకుడిని ముందే చంపేయవచ్చు కదా అంటే, మనిషి రూపంలో ఉన్నంతవరకు వాడి ఒంట్లో ఏ ఆయుధమూ దిగదు. ఐతే బెదిరిన లేడిని పొదల్లోంచి బయటికి రప్పించాలంటే వాడే నల్ల ఇర్రిగా మారి దాని ముందు నడవాలి. ఆ మగజింక రూపంలో ఉండగా ప్రాణం పోతే వాడు వేసిన మంత్రాలన్నీ వీగిపోతాయి. ఇవన్నీ తపసి చెప్పిన మాటలే.

గుండ్లు పోతపోసే తిప్పమ్మవ్వ ముందురోజు మధ్యాహ్నం అతని నోట ఇవన్నీ విన్నది. కోట ఆయుధశాలకు గుండ్లు పోసిచ్చేది ఆమే. చిన్నప్పుడు రిపుంజయుడిని ఎత్తుకు తిప్పిందీ ఆమే. పెరట్లో పొయ్యి మీద మూకుడు పెట్టి, పాత చేపలవలకు కట్టిన సీసపు గుళ్లు ఒక్కొక్కటే కోసి అందులో వేస్తూ కూర్చుంది.

“గురికి ఒక గుండు, జింకకు ఒక గుండు నాయనా,” అంది చివరికి. “రెండూ ఒకటే అనుకున్నోడు రెంటికీ చెడ్డ రేవడైపోతాడు. రేపు పోటీలో తగరం కలిపిన గుండు ఏరుకో. గట్టిగా ఉంటాది. గజపుకడ్డీతో ఎంత దట్టించినా సొట్ట పోదు. గుండ్రంగా పోయింది గుండ్రంగానే వస్తాది, చూసినచోటికి పోతాది.”

“అడవిలో?”

“అడవికి ఇది.” ఆమె మూకుడులో కరుగుతున్న సీసాన్ని పుల్లతో కదిపింది. “వలగుళ్ల సీసం. ఇందులో ఏ కల్తీ లేదు. ఎముకకు తగిలిందంటే రొట్టెలా పరుచుకుంటాది. లోపలే నిలిచిపోతాది. గట్టిగుండు అట్లా కాదు. ఇట్నుంచి దూరి అట్నుంచి పోతాది. దాని వెనక ఎవరున్నారో దానికి పట్టదు.”

ఆ వెనక ఉండబోయేది ఎవరో ఇద్దరికీ తెలుసు. పొయ్యిలో చితుకులు చిటపటమన్నాయి.

“అమ్మ నిలబడిన దిక్కుకు తుపాకి ఎత్తగలవా నాయనా?”

“ఎత్తాలి అవ్వా,” అన్నాడు రిపుంజయుడు.

ఆమె అచ్చు విప్పింది. మసకబారిన వెన్నెల రంగులో గుండ్లు గోనెపట్టా మీద దొర్లాయి. గోటితో నొక్కితే గాటు పడింది. వాటిని తోలుసంచిలో వేసి, మూతి బిగించి అతని చేతికిచ్చింది.

మైదానంలో ఇప్పుడు అందరి కళ్లూ అగడ్త ఆవలి గట్టు మీద ఉన్నాయి. అక్కడ ఒక స్తంభానికి ఆడవాళ్లు చేతికి తొడుక్కునే గాజు ప్రమాణంలో ఇనుప కడియం వేలాడదీశారు. కడియం చుట్టూ చిరుగంటలు. దాని వెనక పసుపునీళ్ల కుండ. ఒక్క గంట కూడా మోగకుండా గుండు కడియంలోంచి దూరి కుండను పగలగొట్టాలి. తుపాకి ఎవరిది వారు తెచ్చుకోవచ్చు. గుండు మాత్రం ఆయుధశాల పళ్లేలలోంచి ఏరుకోవాలి. మంత్రించిన గుండ్లు ఎవరూ తేకుండా ఆ నియమం పెట్టారు.

ఎత్తైన వేదిక మీద ఉగ్రబాహుడు కూర్చున్నాడు. దున్నపోతు మెడ, బంగారు కవచం, కాళ్లకు మాత్రం పట్టుగుడ్డల కట్లు. పక్కనే భల్లాతకుడు. సన్నగా, పొడుగ్గా, పొగపట్టిన వాసంలా ఉన్నాడు. మెడలో నల్లజీడి గింజల దండ. కనురెప్పలు వాలనే వాలవు.

ముందుగా వచ్చినవాడు ఉగ్రబాహుడి బావమరిది కటకరాయుడు. పరాయి దేశంలో పెరిగి ఈ మధ్యనే అక్కగారింటికి చేరాడు. గెలుపు తనదేనని అతను ముందే వేటకు సరంజామా సర్దుకున్నాడు. పళ్లేల దగ్గరికి వచ్చి, అన్నిటికంటే తళతళ మెరుస్తున్న గుండును రెండు వేళ్లతో ఎత్తి జనానికి చూపించాడు. తుపాకి పేలింది. కుండ పగిలింది. కానీ ఒక్క గంట, ఒకే ఒక్కటి, కిణుక్కుమంది. కటకరాయుడి ముఖం మాడిపోయింది. తర్వాత వచ్చినవారిలో కొందరి గుండ్లు స్తంభానికి తగిలాయి, కొందరివి అగడ్తలో పడ్డాయి.

కొమరన్న పేరు పిలిచారు. అతడు పళ్లేల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇనుప గుండ్లను ముట్టుకోలేదు. అవి తుపాకి గొట్టాన్ని గీరుతాయి, తేలిక కాబట్టి దూరం పోయేసరికి గాలికి వాలిపోతాయి. ఒట్టి సీసపు గుండ్లను పక్కకు జరిపాడు. తగరం కలిపిన గుండ్లను మాత్రం ఒక కంచు పళ్లెంలో వేసి మెల్లగా దొర్లించాడు. కొన్ని తిన్నగా దొర్లలేదు. తాగినవాడి నడకలా అటూ ఇటూ తూలి, ఎన్నిసార్లు దొర్లించినా అదే పక్క కిందికి వచ్చి ఆగాయి. పోత పోసేటప్పుడు లోపల గాలిబుడగ చిక్కుకున్న గుండ్లు అవి. కటకరాయుడు ఏరుకున్నది అటువంటిదే. తిన్నగా దొర్లిన వాటిలోంచి రిపుంజయుడు ఒకదాన్ని తీశాడు. అది మెరవడం లేదు. దాని చుట్టూ వేలితో తడిమాడు. ఎక్కడా గరుకు తగల్లేదు.

గొట్టంలో మందు పోసి, నూనెలో తడిపిన పలుచని గుడ్డలో గుండును చుట్టి, గజంతో దట్టించాడు. తుపాకి చెవి బొక్కలో నిప్పంటుకునే రంజకం పొడి వేశాడు. వత్తి నిప్పు ఊదాడు.

తుపాకి గర్జించింది. గట్టు మీద పసుపునీళ్లు చిమ్మాయి. గంటలు మోగలేదు. జనం ఒక్క పెట్టున కేక వేసి, ఉగ్రబాహుడు తల తిప్పగానే నోళ్లు మూసుకున్నారు.

“ఏ కొండవాడివిరా నువ్వు?” ఉగ్రబాహుడి గొంతు దుందుభిలా ఉంది.

“పడమటి గుట్టలవాణ్ణి ఏలికా. వేట తప్ప వేరే విద్య ఎరగను.”

“గెలిచిన గుండు శుభం. అటువంటివే గుప్పెడు తీసుకో. ఇప్పుడే బయలుదేరుతున్నాం.”

రిపుంజయుడు తల వంచాడు. “మన్నించాలి. ఆ గుండు అడవికి పనికిరాదు. నా సంచిలో వేటగుండ్లు ఉన్నాయి.”

భల్లాతకుడు వేదిక దిగి వచ్చాడు. సంచిలోంచి ఒక గుండు తీసి, వాసన చూసి, అంగిలికి తాకించి, గోటితో నొక్కాడు. సీసంలో నెలవంక లాంటి గాటు పడింది. ఆ రెప్పలు వాలని కళ్లు రిపుంజయుడి ముఖం మీద పాకాయి.

“ఇంత మెత్తనిదా? దీనితో నా కడియంలోంచి కొట్టగలవా?”

“కడియంలోంచి కొట్టలేను స్వామీ. కడియానికి నొప్పి లేదు, పరుగూ లేదు. జింకకు రెండూ ఉన్నాయి. గట్టిగుండు సూదిలా దూరిపోతే జింక ఆ గాయంతోనే పరుగెత్తి ఏ పొదలోనో దాక్కుంటుంది. మనకు చిక్కదు, దానికి చావు రాదు. మెత్తని గుండు తగిలితే నిలబడిన చోటే కూలుతుంది.”

“నిలబడిన చోటే కూలుతుందా?” అని మాంత్రికుడు మళ్లీ అడిగాడు. లేడి చిక్కకుండా పోతుందేమోనన్న బెంగ అతనికి చాలాకాలంగా ఉంది. ముఖం మీద మొదటిసారి తృప్తి కనిపించింది. “మంచిది. ఇవే వాడు.” తనను చంపడానికి తెచ్చిన సీసాన్ని తన చేతులతోనే సంచిలో వేసి మూతి కట్టాడు.

తర్వాత నిప్పుకుండ తెప్పించాడు. “లేడికి ముందు ఒక నల్ల ఇర్రి నడుస్తుంది. దానికి వెంట్రుకంత గాయమైనా నీ తల ఉండదు. నిప్పు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యి.”

సెగకు రిపుంజయుడి ముంజేతి వెంట్రుకలు చుర్రుమన్నాయి. “చావవలసిన మృగాన్ని తప్ప వేరొక ప్రాణిని ఈ రోజు నా గుండు తాకదు. తాకితే ఈ నిప్పే నన్ను కాల్చుగాక.” అతడు చెయ్యి వెంటనే తీయలేదు. మాంత్రికుడే తీయమన్నాడు.

చామరవనానికి దారిలో కుటిలానది అడ్డుపడింది. పైన ఎక్కడో వాన పడినట్టుంది, నీళ్లు ఎర్రగా సుళ్లు తిరుగుతున్నాయి. ఉగ్రబాహుడు, మాంత్రికుడు, గుర్రాలు పెద్ద నావలో ముందు దాటారు. కటకరాయుడు మరో నావ ఎక్కాడు. రిపుంజయుడికి మాత్రం తోలు కట్టిన ఒక గుండ్రని పుట్టి మిగిలింది.

నడినదిలో కటకరాయుడి నావ ఉన్నట్టుండి దిక్కు మారింది. “తప్పుకోరా కొండముచ్చు!” అని కటకరాయుడు అరిచాడు. తెడ్డు వేసేవాడి భుజం మీద అతని కత్తి మొన ఆని ఉంది. నావ ముక్కు పుట్టిని ఢీకొట్టింది. పుట్టి బొంగరంలా గిర్రున తిరిగి బోర్లా పడింది.

ఎర్రనీళ్లు రిపుంజయుడిని మింగేశాయి. కాళ్ల కింద నేల లేదు, పైన ఆకాశం లేదు. తుపాకిని ఒక చేత్తో నీళ్ల పైకి ఎత్తిపట్టి, రెండో చేత్తో ఈదుతూ తేలాడు. మందుకొమ్ము మెడకు వేలాడుతోంది. దాని మూతికి మైనం పట్టించి ఉంది. వత్తి మైనపుగుడ్డలో చుట్టి పాగా మడతలో భద్రంగా ఉంది. అంతలో నీటి మీద రెండు బుడిపెలు తేలాయి. వాటి వెనక చెట్టుమొద్దంత వీపు.

మొసలి!

అతడు పక్కకు దొర్లాడు. దవడలు టప్పున మూసుకున్నాయి. నడుముకు కట్టిన పటకా, పటకాతోపాటు తోలుసంచి ఆ పళ్ల మధ్య చిక్కుకున్నాయి. మొసలి కిందికి లాగింది. ఊపిరి బిగపట్టి మొలలోని బాకు దూసి పటకాను కోశాడు. ఒక్కసారిగా పట్టు వదిలింది. మొసలి ఖాళీ పటకాను, గుండ్ల సంచిని నోట కరుచుకొని సుడిలోకి దిగిపోయింది. రిపుంజయుడు ఆవలి ఒడ్డున రెల్లుదుబ్బు పట్టుకొని, ఇసుక మీద పాకుతూ బయటపడ్డాడు.

కటకరాయుడు గుర్రం మీద ఎదురుగా నిలబడ్డాడు. “అయ్యో, గుండ్లన్నీ పోయినట్టున్నాయే! తుపాకి ఉండి ఏం లాభం? ఇక ఆ లేడిని నేనే కొట్టాలి కాబోలు.”

రిపుంజయుడు నోరు విప్పలేదు. అవసరానికని ఒక గుండును బుగ్గలో పెట్టుకొని తిరగడం తుపాకివాళ్ల అలవాటు. అతని ఎడమ బుగ్గలో, నాలుక పక్కన, చల్లగా చప్పగా ఒకే ఒక్క మెత్తని గుండు ఉంది.

ఉగ్రబాహుడు కసిరాడు. “కటకరాయా, నీ గుండ్లు వాడికివ్వు. ఈ లేడి ఒక్కసారే బయటికి వస్తుంది. గురి తప్పితే ఈ జన్మకు మళ్లీ చిక్కదు. నువ్వు గంట మోగించినవాడివి.”

కటకరాయుడు పళ్లు నూరుతూ కొన్ని గట్టిగుండ్లు రిపుంజయుడి చేతిలో పోశాడు. అతడు వాటిని మొలలో దోపుకొని, తుపాకి గొట్టం తుడిచి ఆరబెట్టి, పరివారం నిప్పుతో వత్తి వెలిగించుకున్నాడు.

నది దాటితే చామరవనం. పేరుకే వనం. కంటికి ఆనినంత మేరా గుర్రం పొట్ట తాకే గడ్డి, గాలి వీచినప్పుడల్లా తెల్లని కంకులు వింజామరల్లా వంగి లేచేవి. అక్కడక్కడ రేగుపొదలు, వాటి మీద జీనువాయి పిట్టల అరుపులు. పొద్దు పడమటికి వాలి ఆ గడ్డి అంతటికీ తేనెరంగు పూసింది. మేఖలాదేవి పట్టపురాణిగా ఉన్న రోజుల్లో ఈ బయలులో వేటను నిషేధించింది. ఇప్పుడు ఆమె తలదాచుకున్నదీ ఇక్కడే.

మనుషుల అలికిడి వింటే లేడి బయటికి రాదు కాబట్టి ఉగ్రబాహుడు పరివారంతో గడ్డి అంచునే ఆగిపోయాడు. తుపాకి మోత వినగానే గుర్రాలు కదులుతాయి. భల్లాతకుడు ఒంటరిగా పొదల్లోకి నడిచి మాయమయ్యాడు. రిపుంజయుడు, అతని మీద కాపలాకు కటకరాయుడు ఒక పుట్ట చాటున బోర్లా పడుకున్నారు.

కటకరాయుడు ఆవులించి ముఖం తిప్పిన క్షణంలో రిపుంజయుడు బుగ్గలోని గుండును అరచేతిలోకి ఉమ్మి, కంబళి అంచుతో తుడిచాడు. గజాన్ని బలంగా దించలేదు. గట్టిగా దట్టిస్తే మెత్తని గుండు సొట్టపడుతుంది. మందు మీద అది కూర్చుందని చేతికి తెలియగానే ఆపాడు. గురి కాస్త అటూ ఇటూ పోవచ్చు. దగ్గరికి రానివ్వాలి. అంతే.

రేగుపొదలు కదిలాయి. ముందుగా నల్ల ఇర్రి వచ్చింది. మెలితిరిగిన కొమ్ములు, కాటుక రాసినట్టు నల్లని వీపు, రెప్ప వెయ్యని కళ్లు. నాలుగు అడుగులు వేసి, వెనక్కి చూసి, మెత్తగా పిలిచింది. ఆ పిలుపుకు పొదలోంచి తెల్ల లేడి బయటికి వచ్చింది.

పాలనురుగు లాంటి ఒళ్లు. ఒక ముందుకాలు కుంటుతోంది. చెవులు నిలవకుండా అటూ ఇటూ తిరుగుతున్నాయి. బయలు చూడగానే అది బెదిరి ఇర్రి పక్కకు, ఇర్రి వెనక్కి, దాని ఒంటికి ఒళ్లు ఆనించి నిలబడిపోయింది. తన ప్రాణం తీయడానికి వచ్చిన మృగాన్నే అడ్డంగా పెట్టుకొని దాక్కుంది. నల్లని వీపు మీదుగా తెల్లని చెవులు మాత్రం కనిపించాయి.

రిపుంజయుడి వేలు మీట మీద ఆగింది. రెండు గుండెలూ ఒకే వరసలో ఉన్నాయి. ఇర్రి ఒక అడుగు ముందుకు వేస్తే చాలు. లేడి ఒక్క అడుగు తగ్గితే చాలు. అతడు ఎదురు చూశాడు. చెమట కంట్లోకి దిగింది.

“ఏం చూస్తున్నావురా?” అని కటకరాయుడు చెవిలో బుసకొట్టాడు. “పొద్దు వాలుతోంది.”

“ఇర్రి అడ్డం ఉంది దొరా. ప్రమాణం చేశాను.”

“ప్రమాణం నువ్వు చేశావు, నేను చెయ్యలేదు. ఆ చెవుల కిందే తల, చాలు.” కటకరాయుడు తన తుపాకిని పుట్ట మీద ఆనించి వత్తి ఊదాడు. రంజకం మీదికి నిప్పు వంగుతోంది.

ఇక క్షణం లేదు. రిపుంజయుడు ఇర్రి ముందుకాలి వెనక, గుండె ఉండే చోటుకు గురి చూశాడు. ఆ చోటుకు సరిగ్గా అవతల తల్లి ఊపిరి పీలుస్తోంది. తిప్పమ్మవ్వ పోసిన సీసాన్ని నమ్మి మీట నొక్కాడు.

బయలంతా దద్దరిల్లింది. పొగ ముఖాన కమ్ముకుంది. పొగలోంచి ఒక అరుపు వచ్చింది. ఇర్రి అరుపుగా మొదలై, మనిషి అరుపుగా మారింది. ఆ అరుపుకు అదిరిపడి కటకరాయుడి చెయ్యి జారింది. అతని తుపాకి ఆకాశంలోకి పేలింది. గట్టిగుండు ఎక్కడో మబ్బుల్లోకి పోయింది.

గాలి పొగను చీల్చింది. గడ్డిలో భల్లాతకుడు వెల్లకిలా పడి ఉన్నాడు. నల్లజీడి గింజలు తెగి చుట్టూ చెదిరాయి. రొమ్ముకు ఒకే గాయం. గుండు వెనకనుంచి బయటికి రాలేదు. “నేనే... మూట కట్టిచ్చాను,” అన్నాడు. రెప్పలు మొదటిసారి మెల్లగా వాలాయి. మళ్లీ తెరుచుకోలేదు.

“భల్లాతకుణ్ణి చంపేశాడు!” కటకరాయుడు తుపాకి పారేసి, పడుతూ లేస్తూ గుర్రం వైపు పరుగెత్తాడు. మొలలోని కొమ్ముబూర తీసి ఊదాడు. గడ్డి అంచు నుంచి మరో బూర జవాబిచ్చింది. గుర్రాలు కదిలిన చప్పుడు నేల గుండా అరికాళ్లకు తెలిసింది.

రిపుంజయుడు అటు చూడలేదు. తెల్ల లేడి ఉన్నచోట ఒక ఆడమనిషి మోకాళ్ల మీద, చేతుల మీద ఉంది. నెరిసిన జుట్టులో గడ్డిపరకలు చిక్కుకున్నాయి. పట్టుచీర పేలికలై ఉంది. ఒక మణికట్టు వాచింది. ఒంటి మీద ఎక్కడా నెత్తురు లేదు. అతడు పుట్టను పట్టుకొని లేచాడు.

“అమ్మా!”

ఆమె చటుక్కున తలెత్తింది. ముఖం మేఖలాదేవిదే. ఆ కళ్లు మాత్రం ఇంకా లేడి కళ్లు. అవి కొడుకును చూడలేదు. పొగ కక్కుతున్న తుపాకిని చూశాయి. నల్లని ముఖాన్ని, గుబురు గడ్డాన్ని, మందువాసన కొట్టే కంబళిని చూశాయి. ముక్కుపుటాలు అదిరాయి. ఆమె నాలుగు కాళ్ల మృగంలా రెండు గంతులు వేసి, పడి, రెండు కాళ్ల మీద ఎలాగో లేచి, కుంటుతూ బయలు ఆవలి అంచున ఉన్న అడవి వైపు పరుగు తీసింది.

మొలలో కటకరాయుడి గట్టిగుండ్లు ఉన్నాయి. కొమ్ములో మందు ఉంది. తుపాకి బారు చేసి పుట్ట చాటున నిలబడితే, ముందు వచ్చే గుర్రాన్నైనా పడగొట్టవచ్చు. ఉగ్రబాహుడి బంగారు కవచం అప్పుడే గడ్డికంకుల మీద తళుక్కుమంది. వెనక బల్లేల వరస.

రిపుంజయుడు తుపాకిని గడ్డిలో పడేశాడు. మందుకొమ్మును మెడలోంచి తెంపి విసిరేశాడు. కంబళి కూడా ఊడదీసి పారేశాడు. ఉత్త చేతులతో, ఒంటి మీద గోచీ గుడ్డతో ఆమె వెనక పరుగెత్తాడు. అమ్మా అని మళ్లీ పిలవలేదు. పిలిస్తే ఇంకా బెదురుతుంది. అడవి మొదట్లో ఆమె ఒక్క క్షణం నిలబడి, తల తిప్పి, ఆయుధం లేని ఆ మనిషిని ఒకసారి చూసింది. తర్వాత చీకటి కమ్ముతున్న చెట్ల మధ్యకు దూరింది. అతడూ దూరాడు. వెనక గుర్రాల డెక్కలు గడ్డిని తొక్కుకుంటూ దగ్గరయ్యాయి.